తాళమున్న ఇల్లు, పక్కిల్లు

మా సంఘంలో శుక్రవారం నాది.

అదేమిటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గణాంక శాస్త్రం పాఠం చెప్పేవాళ్ళు, ఆ పనిలోనే ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళు, రిటైరైనా ఆ పురుగు దిగనివాళ్ళు కొంతమంది కలిసి పెట్టుకున్న సంఘం మాది. ఏడాదికోసారి విశాఖపట్నంలో సభ. మిగిలిన ఏడాదంతా ఫోన్లో ఒక గ్రూపు. కొత్తగా పరిశోధనలో దిగిన పిల్లలు సందేహం వస్తే ఆ గ్రూపులో పెడతారు. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో పెద్ద. ఆ రోజు వచ్చిన ప్రశ్నకి ఆ మనిషే పొద్దుగూకేలోగా జవాబు చెప్పాలి, మిగతా ఆరుగురూ నోరు పెట్టకూడదు. ఆ ఆఖరి షరతు నా కోసమే రాశారు. రాసినవాళ్ళు కాదంటారు. నేనడిగినప్పుడు అధ్యక్షులవారు పైకప్పుకేసి చూశారు.

నా నోరు మంచిది కాదు. ఇది వినయంగా అంటున్న మాట కాదు, సాక్షులున్న మాట. ఎవరైనా గుప్పెడుమందిని అడిగొచ్చి ఊరందరి గురించీ మాట్లాడితే కుర్చీలో కూర్చోలేను. "బాబూ, మీ వీధిలో నలుగురు దగ్గారని జిల్లా మొత్తానికి జ్వరమొచ్చిందంటే ఎలా?" అని ఒకసారి ఒక కుర్రాడిని నిండు సభలో అడిగాను. అతను ఆ ఏడే పరిశోధన మానేసి బ్యాంకులో చేరిపోయాడు. నా మాటకి కాదు, అతనికి ఆ పని మీద మనసు లేదని చాలా ఏళ్ళు అందరితోనూ వాదించాను. ఈమధ్య వాదించడం లేదు.

శుక్రవారం వద్దని ముందే మొత్తుకున్నాను. నేను అరకులో డిగ్రీ కాలేజీలో చెబుతాను. శుక్రవారం ఇక్కడ సంత. కొండ మీది ఊళ్ళన్నీ బుట్టలతో, కావిళ్ళతో, జీపు టాపుల మీద దిగివస్తాయి. ఆ రోజు క్లాసులో సగం బెంచీలు ఖాళీ. వారానికి సరిపడా కూరలు నేనూ ఆ రోజే తెచ్చుకోవాలి. "సంతలో ఫోను పనిచెయ్యదేమిటమ్మా?" అన్నారు అధ్యక్షులవారు. పనిచేస్తుంది. అదే వచ్చింది తంటా.

మంగళవారం ఒక పెద్దాయనది. సీలేరు ప్రాజెక్టు కాలనీలో పెరిగి, సర్కారు సర్వేల్లో ఊరూరూ తిరిగి రిటైరైన మనిషి. ఆయన జవాబులు ఎప్పుడూ ప్రశ్నల్లాగే ఉంటాయి. "ఏ పద్ధతి వాడాలి సార్?" అని పిల్లలడిగితే, "అక్కడ ఎలా ఉందమ్మా? పొద్దున్న ఇళ్ళల్లో ఎవరుంటారు? సాయంత్రం ఎవరుంటారు?" అని రాస్తాడు. ఈయనకి జవాబు తెలిస్తే చెప్పేవాడు కదా అని నేను పదిమంది దగ్గర నవ్వాను. నా జవాబులు ఒక్క వరసలో ఉండేవి. అది నా గొప్ప.

పోయినేడు కార్తీకంలో ఒక శుక్రవారం. కొత్త రాజ్మా గింజల కుప్ప ముందు కూర్చుని, ఇందులో సగం పచ్చిగింజలే కదాని అమ్మేమనిషితో దెబ్బలాడుతున్నాను. ఫోను మోగింది. గ్రూపులో ఒక పిల్ల: "మేడమ్, లిస్టులో వచ్చిన ఇళ్ళు చాలావాటికి తాళాలున్నాయి. ఏమి చెయ్యాలి?"

సంచీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్క బొటనవేలితో కొట్టాను. "తాళం ఉంటే పక్కిల్లు తీసుకో. బేగి ముగించు." కొట్టి మళ్ళీ గింజల్లో పడ్డాను. ఎంత తొందరగా తేల్చేశానని కాస్త మురిసిపోయాను కూడా.

ఆ పిల్ల నా దగ్గరే డిగ్రీ చదివింది. అనంతగిరి అవతల కొండమీద ఊరు. తండ్రి ఆ చుట్టుపక్కల ఊళ్ళకి చిన్న మిషన్ చర్చిలో ఉపదేశి. చిన్నప్పుడు ఆదివారం ఆరాధనకి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టి తలుపు వెనక సుద్దతో రాసే పని ఈ పిల్లదట. లెక్కల మీద ఇష్టం అక్కడ పుట్టిందని మొదటి ఏడాది క్లాసులో చెబితే, "అయితే దేవుడికి మొదటి గణాంకాధికారివి నువ్వేనన్నమాట" అన్నాను. క్లాసంతా నవ్వింది. అది నవ్వలేదు. నిజమే కదా అన్నట్టు చూసింది.

తర్వాత యూనివర్సిటీకి వెళ్ళింది, పరిశోధనలో చేరింది. కొండ ఊళ్ళలో పిల్లలు ఏడాదిలో ఎన్నాళ్ళు బడి మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అన్నది తన విషయం. మధ్యలో గైడు రిటైరైపోయాడు. కొత్త గైడు ఫోనెత్తడు. ఇలాంటి పిల్లల కోసమే మా సంఘంలో ఒక ఏర్పాటుంది. సభలో కొత్తవాళ్ళు పదేసి నిమిషాలు తమ పని చెబుతారు. వాళ్ళలో ఒకరిని ఎంచి, రెండేళ్ళ పాటు ఒక పెద్దని జత చేస్తాం. ఏ పెద్ద కావాలో ఆ పిల్లే చీటీ మీద రాస్తుంది. రాస్తే కాదనే హక్కు ఆ పెద్దకి లేదు. జత దొరికిన పిల్లలు చాలావరకు గట్టెక్కారు. దొరకనివాళ్ళ సంగతి మేము సభల్లో మాట్లాడుకోము.

ఈ ఏడు ఆ పిల్లకి పది నిమిషాలు దొరికాయి. తండ్రి అప్పటికే చెప్పేశాడు: "క్రిస్మస్ దాకా చూస్తానమ్మా. ఈలోగా దారి కనబడితే సరే, లేదంటే మన మిషన్ బడిలో చేరిపో." ఆయన చెడ్డవాడు కాదు. పెద్ద కూతురు, కింద ఇంకా ఇద్దరు చదువుకునేవాళ్ళు. బడిలో కుర్చీ ఖాళీగానే ఉంది. అంటే ఆ పది నిమిషాలు కుదిరితే ఈ శాస్త్రంలో ఉంటుంది, లేకపోతే రెండో తరగతికి ఎక్కాలు చెబుతుంది. ఎక్కాలు చెప్పడం తక్కువ పనని నేననను. కానీ నా ముప్పై ఏళ్ళ పాఠాల్లో, ఒక అంకె చూసి 'ఇది ఎక్కడినుంచి వచ్చింది?' అని తనంతట తాను అడిగిన పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. వాళ్ళలో ఇదొకతి. పార్వతీపురం దగ్గర మా ఊళ్ళో మా అక్క ఎప్పుడూ అంటుంది, "ఆ కొండల్లో కూకోని ఏటి సేత్తన్నావే?" అని. ఈ పిల్ల గట్టెక్కితే అక్కకి జవాబు చెబుదామనుకున్నాను. ఆ స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు.

సభకి ముందురోజు మధ్యాహ్నం అరకులో కిరండూల్ ప్యాసింజరు ఎక్కాం. పిల్ల ఒళ్ళో లాప్‌టాప్, కాళ్ళ దగ్గర గుడ్డ సంచీలో సర్వే కాగితాలు మొత్తం. కాగితాలు లేకుండా సభకి రావద్దు, ఎవడేం అడుగుతాడో తెలీదని చెప్పింది నేనే. వెనకున్న అద్దాల పెట్టెలో టూరిస్టులు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేస్తున్నారు. కొండవాలంతా వలిసె పూలు పసుపు పరిచినట్టున్నాయి. నేను చూడలేదు. నా కళ్ళు ఆ పిల్ల మొదటి పేజీ మీద ఉన్నాయి. అక్కడ, ఈ ఊళ్ళలో పిల్లలు బడి మానేసేది అందరూ అనుకునేదానికన్నా చాలా తక్కువని ఉంది.

బాగుంది. వినడానికి బాగున్న అంకెని చూస్తే నాకు అరచేతులు చెమరుస్తాయి.

"కాగితాలు ఇలా ఇయ్యి," అన్నాను.

ఒక కట్ట తీసి తిరగేశాను. శుభ్రమైన రాత. కొన్ని కాగితాల మూల పెన్సిల్తో చిన్న 'ప'. పేజీలు తిప్పుతున్నకొద్దీ 'ప'లు.

"ఇదేటే?"

"పక్కిల్లు మేడమ్. తాళం ఉన్న ఇంటికి బదులు పక్కింట్లో అడిగినవి. తరవాత తెలియాలి కదాని గుర్తెట్టుకున్నాను."

అప్పటికి నాకా సంతా గుర్తు లేదు, రాజ్మా గుర్తు లేదు, బొటనవేలితో కొట్టిన జవాబూ గుర్తు లేదు. కోపమొక్కటే వచ్చింది.

"ఏ బుద్ధిమంతుడు చెప్పాడు నీకు పక్కిల్లు తీసుకోమని? లిస్టులోంచి చీటీ తీసినట్టు ఇల్లు తీసేదెందుకు? ఏ ఇల్లు వస్తే ఆ ఇంటికే వెళ్ళాలి, లేకపోతే లేదని రాయాలి. తలుపు తెరిచి ఉన్నవాళ్ళనే అడుగుతూ పోతే అది సర్వే కాదు, పేరంటం!"

పిల్ల ఫోను తీసి, వేలితో పైకి పైకి తోసి, నా ముందు పెట్టింది. నా పేరు. దాని కింద నా ఒక్క వరస.

సరిగ్గా అప్పుడే సొరంగం. పెట్టె చీకటైపోయింది. ఆ చీకటికి ఎంత దండం పెట్టానో నాకే తెలుసు.

వెలుగొచ్చాక మెల్లగా అడిగాను. "తాళం వేసినవాళ్ళు ఎక్కడికెళ్ళారు?"

"కొండ మీదకి, పోడు కాడికి. రాజ్మా కాపు రోజులు కదా మేడమ్. కోతులు, అడవిపందులు పడతాయని అక్కడే గుడిసె లేసుకోని వారాలు వారాలు ఉండిపోతారు."

"పిల్లలు?"

"పిల్లల్తోనే."

"మరి బడికి?"

"ఎలగ వస్తారు మేడమ్?"

మళ్ళీ సొరంగం. ఈసారి టూరిస్టుల కేకలు మా పెట్టెలోకే వినబడ్డాయి. బడి మానేసిన పిల్లల్ని లెక్కపెట్టడానికి వెళ్ళి, బడి మానేసిన పిల్లలున్న ఇళ్ళనే వదిలేసి, బడికి వెళ్ళే పిల్లలున్న పక్కింట్లో అడిగి వచ్చాం. అంకె బాగుండక ఏమవుతుంది?

"నీకు అప్పుడే తెలుసు కదే వాళ్ళు పోడు మీదున్నారని?"

"తెలుసు."

"తెలిసీ మళ్ళీ అడగలేదేం?"

పిల్ల కిటికీలోంచి చూసింది. "మా ఊళ్ళో సిగ్నలు ఒక రాయి మీదే వస్తాది మేడమ్. ఎక్కి రాసేను. మీ జవాబు వచ్చింది. పెద్దవాళ్ళు సెప్పినాక మళ్ళీ ఏటని అడుగుతాం?" గొంతు తగ్గించి, "తిడతారనుకున్నాను," అంది.

ఫోను దాని చేతిలో పెట్టేశాను.

"నాయినైతే ఆ రోజుల్లో ఆదివారం పొద్దున్నే కొండెక్కి గుడిసె గుడిసెకీ తిరిగి ప్రార్థన సేసొచ్చేవాడు," అంది తనే. "వచ్చి సెప్తే, సర్చికి వచ్చినవాళ్ళనీ, గుడిసెల్లో ఉన్నవాళ్ళనీ రెండు వరసలు రాసేదాన్ని, తలుపు మీద."

ఎనిమిదేళ్ళప్పుడు సుద్దముక్కతో సరిగ్గా లెక్కపెట్టిన పిల్లకి, చదువు చెప్పి, పైచదువుకి పంపి, నేను తప్పు లెక్క నేర్పాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రెండు సొరంగాల సేపు నేను వేరే ఆలోచన చేశాను. ఆ 'ప'లు పెన్సిల్తో రాసినవి. ఏడాది కిందట గ్రూపులో పడ్డ ఒక్క వరస ఎవరికీ గుర్తుండదు. సభలో కాగితాలెవరూ తిరగెయ్యరు. నేను తిరగేస్తాను తప్ప అలాంటి పని చేసేవాళ్ళు మాలో లేరు. అంకె బాగుంది, పిల్ల బాగా చెబుతుంది, జత దొరుకుతుంది. తర్వాత రెండేళ్ళుంది, మెల్లగా దిద్దుకోవచ్చు. ఇలా అనుకుంటూ పిల్ల మొహం చూశాను. అది కాగితాలు సంచీలో సర్దేస్తోంది.

"ఏటి సేత్తన్నావు?"

"బొర్రాలో దిగిపోతాను మేడమ్. అక్కణ్నించి జీపు దొరుకుతాది."

"దిగి?"

"ఇంటికెల్లిపోతాను. ఉన్నదున్నట్టు సెప్తే ఎవరు సెప్పమన్నారని అడుగుతారు. అబద్ధం నా వల్ల కాదు. నిజం సెప్తే అందర్లో మీ పరువు పోతాది."

బొర్రా గుహలు స్టేషన్లో బండి ఆగింది. టూరిస్టులు గుహల కోసం బిలబిలా దిగుతున్నారు. ఎదురుగా గూడ్సు రావాలి కాబోలు, కదిలేలా లేదు. పిల్ల సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దాకా పోయింది. నేను వెనకాలే. తండ్రి ముందు నిలబడి ఇది ఏం చెబుతుంది? చెప్పదు. దారి కనబడలేదంటుంది, అంతే. సోమవారం నుంచి బడికి వెళ్తుంది.

"నా పరువు సంగతి నీకెందుకే గుంటా?" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది, దిగేవాళ్ళు ఆగి చూశారు. "నా పరువేమైనా నీ శాంపిల్లో ఉందా? లిస్టులో వచ్చిందా? నీకు సంబంధం లేని ఇల్లది, వదిలెయ్యి!"

పిల్ల పెదవి కొంచెం కదిలింది. నవ్వో ఏడుపో పోల్చలేకపోయాను. మెట్టు మీద ఒక కాలు, లోపల ఒక కాలు. నేను చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే మళ్ళీ నా మాట విన్నట్టే అవుతుంది. ఆ భయమొకటి.

"లేదని రాయాలని ఇందాక మీరే అన్నారు," అంది. "తాళం ఉంటే లేదని. అలగ రాస్తే నా పేజీలో ఏటి మిగులుతాది మేడమ్?"

"తెలీదు. చూడాలి."

ఆ మాట నేను ఒక విద్యార్థితో అనడం అదే మొదలనుకుంటాను.

ఇంతలో సీతాఫలాల బుట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ కింద నుంచి కేకేసింది. "ఏటమ్మా, ఎక్కుతావా దిగుతావా? దారికడ్డం నిలబడి కతలు సెప్పుకుంతన్నారు! జరుగు!" జరిగితే బయటికైనా జరగాలి, లోపలికైనా జరగాలి. బుట్ట బయట నుంచి వస్తోంది. పిల్ల లోపలికి జరిగింది. బుట్ట ఎక్కింది, ఆవిడ ఎక్కింది, ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు బుట్టలతో ఎక్కారు. గూడ్సు ఎర్రటి దుమ్ముతో దాటిపోయింది. బండి కదిలింది.

సీటు దగ్గరికొచ్చి కాగితాలన్నీ మళ్ళీ తీశాం. 'ప' ఉన్నవి ఒక కట్ట, లేనివి ఒక కట్ట. 'ప' కట్ట పక్కన పెట్టేశాం. శృంగవరపుకోట దాటేదాకా ఆ కాగితాలతో వేగుతూనే ఉన్నాం. మొదటి పేజీలో ఉన్న మంచిమాట కొట్టేసింది. దాని చోట ఏం రాయాలని నన్నడిగింది. నీ ఇష్టమన్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. నోట్లో ఒక వాక్యం సిద్ధంగా ఉంది, మింగి కూర్చున్నాను.

రాత్రి ఇద్దరం నిద్రపోలేదు, అది చెప్పుకునేంత సంగతి కాదు. పొద్దున్న సభలో నేను రెండో వరసలో కూర్చున్నాను. చీర కొంగు వేలికి చుట్టి విప్పి చుట్టి విప్పుతుంటే, పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు. పిల్ల వేదికెక్కింది. గొంతు మొదట వినబడలేదు. ఎవరో మైకు సర్దారు.

"నేను మీకు పంపిన కాగితంలో ఒక అంకె ఉంది," అని మొదలెట్టింది. "అది తప్పు."

హాలు కదిలింది. పిల్ల వెనక్కి తిరిగి బోర్డు మీద, చిన్నప్పటి తలుపు మీద లాగే కాబోలు, రెండు వరసలు గీసింది. తలుపు తీసి ఉన్న ఇళ్ళు, తాళమున్న ఇళ్ళు. మొదటి వరసలో తనకి తెలిసింది రాసింది. రెండో వరస ఖాళీగా వదిలింది. తాళమున్నచోట పక్కింట్లో అడిగానని, అందుకే ఆ అంకె తప్పని చెప్పింది. తాళాలెందుకున్నాయో చెప్పింది. పోడు, కాపలా, గుడిసెలు. తను అడగాలనుకున్న ప్రశ్నకి జవాబు ఆ ఖాళీలో ఉందని, అది తన దగ్గర లేదని చెప్పింది. పది నిమిషాలు కూడా కాలేదు.

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడిచారు. ఆయన తుడిచారంటే ప్రశ్న ఉందన్నమాట.

"తాళముంటే పక్కిల్లు తీసుకోమని మీకెవరు చెప్పారమ్మా?"

పిల్ల నాకేసి చూడలేదు. చూడకూడదని ఎంత కష్టపడుతోందో దాని మెడలో కనబడుతోంది. "నేనే..." అని మొదలుపెట్టింది.

లేచాను. "అది తనంతట తాను చెయ్యలేదు. నేను చెప్పాను. శుక్రవారం, సంతలో. ఎందుకు తాళముందని అడక్కుండా చెప్పాను."

కూర్చున్నాను. ఇంకేం చెప్పినా వాదనవుతుంది.

అధ్యక్షులవారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళలో మీరు లేచి ఇంత తొందరగా కూర్చోవడం ఇదే చూడ్డం," అన్నారు. హాలంతా నవ్వింది. వెనక వరసల్లో మరీ ఎక్కువ నవ్వారు. నవ్వనీ, నా నోట్లో పడ్డవాళ్ళే, ఆ నవ్వు వాళ్ళకి నేను బాకీ.

మధ్యాహ్నం భోజనాల తర్వాత కమిటీ తేల్చింది. జత ఈ పిల్లకే, కానీ ఒక షరతు. ఈ కాపలా రోజులు అయిపోయేలోగా కొండెక్కి, ఆ తాళాల ఇళ్ళవాళ్ళని గుడిసెల దగ్గరే కలిసి, రెండో వరస నింపుకుని రావాలి. క్రిస్మస్‌కి ముందు కమిటీ మళ్ళీ చూస్తుంది. నింపలేకపోతే జత లేదు. పిల్లకి చీటీ ఇచ్చారు. నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను. నా పేరే రాస్తుందనుకున్నానని వేరే చెప్పాలా?

మంగళవారం పెద్దాయన పేరు రాసింది.

ఆయన నాకంటే ఎక్కువ కంగారుపడ్డాడు. "నేనా? నాకు కొత్త పద్ధతులేం తెలుసమ్మా?" అంటున్నాడు. మరుసటి రోజు తిరుగు బండిలో బొర్రా దాకా నేను మూతి ముడుచుకునే ఉన్నాను. పిల్ల జామకాయ కొని సగం నాకిచ్చింది. "మీ శుక్రవారం ఉండనే ఉంది కదా మేడమ్," అంది. సగం జామకాయ తింటూ ఆలోచించాను. నేనైనా ఆయన పేరే రాసేదాన్ని. అది నాకు సుఖమేమీ ఇవ్వలేదు.

ఇవాళ శుక్రవారం. నాలుగు వారాలుగా పిల్ల తన తండ్రి వెంట కొండల మీద తిరుగుతోంది. సగం పైగా గుడిసెలు అయ్యాయి. మిగిలినవి దూరం. ఈ వారం మబ్బు పట్టింది. వాన పడితే రాజ్మా తొందరగా కోసేసి అందరూ దిగిపోతారు. దిగిపోయాక పిల్లలు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారో, బడికెళ్ళారో లేదో ఎవరి మాట నమ్మి రాసుకోవాలి? అందుకని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నా కళ్ళు ఆకాశం మీదే ఉన్నాయి.

పదకొండింటికి సంతలో ఉండగా ఫోను మోగింది. "మేడమ్, ఈవేళ నాయిన రాలేదు, నేనొక్కదాన్నే వచ్చాను. గుడిసెలో పొయ్యి వెచ్చగా ఉంది. కుక్క ఉంది. మనుషులు లేరు. ఏమి చెయ్యాలి?"

చేతిలో సంచీ కింద పెట్టేశాను. జనంలోంచి బయటికొచ్చి రోడ్డవతల గోడకి ఆనుకుని, రెండు చేతులతో కొట్టాను. "ఎక్కడికి వెళ్ళి ఉంటారు?"

ఒక్క టిక్కు, అంటే ఇంకా అందలేదు. సిగ్నలున్న ఏ రాయి మీద నుంచో రాసి మళ్ళీ గుడిసె దగ్గరికి పోయుంటుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మబ్బు కొండ తల దాకా దిగింది. రెండో టిక్కు పడింది. జవాబొచ్చింది.

"పై గుడిసె ముసలమ్మనడిగాను. సంతకెల్లినారంట, అందరూ. సాయంత్రానికి వస్తారంట. నేను ఇక్కడే ఉంటాను మేడమ్."

తలెత్తి చూశాను. వందలమంది. బుట్టలు, కోళ్ళు, అల్లం, కొంగుల్లో కట్టుకున్న పిల్లలు. వీళ్ళలోనే ఎక్కడో ఉన్నారు ఆ గుడిసెవాళ్ళు. నా సంచీ పెట్టిన చోటికి వెళ్ళాను. రాజ్మా కుప్ప వెనకాల కూర్చున్నామె పక్కన బడి వయసు పిల్లలిద్దరు చెరుకుముక్క నములుతున్నారు.

"తీసుకుంతావా లేదా అమ్మా? సంచీ ఒగ్గేసి ఎల్పోనావు," అందామె.

"మీ ఇల్లు తాళమేసి వచ్చారా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కొండ మీద గుడిసెకి తాళమేటమ్మా? కుక్కుంది."

అడవిలో కుక్కలున్న గుడిసెలు ఎన్నో ఉంటాయి. ఇది ఆ గుడిసేనని అనుకోవడానికి లేదు. ఊరి పేరు అడిగాను. చెప్పింది. ఆ ఊరు పిల్ల లిస్టులో ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. ఎన్నింటికి వెళ్తారని అడిగితే, అమ్ముడుపోయాక అంది. కుప్ప ఇంకా చాలా ఉంది. చినుకు మొదలైంది. ఆమె గోనెపట్టా తీసి గింజల మీద కప్పుతోంది.

వీళ్ళు సాయంత్రం బయలుదేరితే చేరేసరికి చీకటి. ఆ పిల్ల ఒక్కతీ అక్కడ. దిగిపొమ్మని రాయాలా, ఉండమని రాయాలా? 'దిగిపో' అని కొట్టాను. చెరిపేశాను. 'ఉండు' అని కొట్టాను, అదీ చెరిపేశాను. ఆఖరికి, "అక్కడ వాన ఎలా ఉంది? పై గుడిసె ముసలమ్మ నిన్ను ఉండనిస్తుందా?" అని రాసి పంపాను.

ఒక్క టిక్కే పడింది. ఇంకా చూస్తున్నాను.